మేళవింపు

మాఘమాసపు రాత్రి. పొన్నూరులో సాక్షి భావనారాయణస్వామి కోవెల సమీపాన పెళ్ళి ఊరేగింపు ఒకటి మెల్లగా సాగుతున్నది. పూలతో అలంకరించిన కారులో వధూవరులు, వారి చుట్టూ బంధుజనం. అందరికంటె ముందు, ఎర్రకోట్లు తొడిగి, భుజాలపై జరీ కుచ్చులు వేలాడుతుండగా పదిమంది వాద్యకారులు నడుస్తున్నారు. రెండు ట్రంపెట్లు, సైడు డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము, తాళాలు. వారికి నాయకుడైన వ్యక్తికి అరవయ్యేళ్ళు పైబడినవి. చేతిలో నల్లని క్లారినెట్టు. ఊరిలో ఎవరూ ఆయనను పేరుపెట్టి పిలువరు. క్లారినెట్టు తాత అనే అంటారు.

ఊరేగింపు హంసధ్వనిలోని గణపతి కీర్తనతో ఆరంభమయింది. ఒక్క చరణం పూర్తి కాకముందే కుర్రకారు సినిమా పాట కావాలని కేకలు వేసింది. తాత కాదనలేదు. ఒకదాని వెంట ఒకటిగా నాలుగు పాటలు వాయించాడు. ఐదవ పాటకు ముందు, డ్రమ్ములవారు చేతులు దులుపుకొంటున్న వ్యవధిలో, ఎవరూ అడగకుండానే మోహనరాగం అందుకున్నాడు. రెండు నిమిషాల సేపు, నడక ఆపకుండా, ఆ వీధిలోని మేడల నడుమ ఆ రాగాన్ని విప్పి మళ్ళీ ముడిచాడు. పెళ్ళివారిలో ఒక్కరైనా దానిని గమనించినట్లు లేదు. ప్రతి ఊరేగింపులోనూ అలా ఒక్కసారి వాయించడం ఆయన అలవాటు. ఎందుకని తోటివారు అడిగితే, “అది నా వంతు” అంటాడు.

ఈ వాద్యబృందాన్ని జనం బ్యాండు మేళం అంటారు. మాటలో మొదటి సగం ఇంగ్లీషు, రెండవ సగం సంస్కృతం నుండి వచ్చి తెలుగయినది. మేలనమంటే కూడడం. తెలుగులో ఆ మాట నుండి ఏర్పడిన ‘మేళవించు’ అనే క్రియకు రెండర్థాలున్నాయి. వీణ తీగలను శ్రుతి చేయడమూ మేళవించడమే, భిన్నమైన వస్తువులను కలపడమూ మేళవించడమే. కలపడానికీ శ్రుతి చేయడానికీ ఒకే మాట చాలునని తెలుగువారు ఏనాడో తలచినట్లున్నది. కలిపిన ప్రతిదీ శ్రుతిలో ఉండదన్న సంగతి వేరు.

క్లారినెట్టు పుట్టిల్లు జర్మనీ. 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో న్యూరెంబర్గు పట్టణంలో డెన్నర్ అనే వాద్యనిర్మాత దానికి రూపమిచ్చాడు. అక్కడి నుండి ఐరోపా సైన్యాల వాద్యబృందాలలో చేరి, ఆ సైన్యాలతోపాటు ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. కోటలలో, కంటోన్మెంట్లలో మోగిన ఆ బ్యాండును చూసి రాజులు, జమీందారులు తమ కొలువులకు అటువంటిది కావాలనుకున్నారు. కొలువులు పోయినవి. బ్యాండు మాత్రం పెళ్ళిళ్ళకు దిగి బ్రతికింది. సైనికుని ఎర్రకోటు పెళ్ళి ఊరేగింపులో నేటికీ కనిపించడం వెనుక ఉన్న కథ ఇదే.

కోట గోడల అవతల మోగిన ఆ సంగీతాన్ని మొదట శ్రద్ధగా విన్నవారు సామాన్యులు కారు. ముత్తుస్వామి దీక్షితులు యౌవనంలో మద్రాసు చేరువనున్న మణలిలో ఉన్న కాలాన, సెయింట్ జార్జి కోట బ్యాండు వాయించే వరుసలు ఆయన చెవిని పడ్డాయి. వాటికి ఆయన సంస్కృత సాహిత్యం కూర్చాడు. నోట్టుస్వర సాహిత్యాలని పేరుబడిన ఆ రచనలు దాదాపు 40 ఉన్నాయి. బ్రిటిషు జాతీయగీతపు వరుసను కూడా దీక్షితులు విడువలేదు. రాజును కాపాడుమని దేవుని వేడుకొనే ఆ వరుస ఆయన చేతిలో శ్యామలాదేవి స్తుతిగా మారింది. ఇంతటి సాహసం చేసినవాడు సంప్రదాయానికి ద్రోహి అని ఆనాడు ఎవరూ అన్నట్లు లేదు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతానికి దానిని అలవరచాడు. నూరేళ్ళు గడిచేసరికి అది పరదేశి వాద్యమన్న సంగతే జనం మరచిపోయారు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ వాయిస్తుండగా విన్నవారికి ఇటలీ గుర్తుకు వచ్చి ఉండదు.

సరిగా ఇటువంటి కథ వేల మైళ్ళ దూరాన, ఆఫ్రికా పశ్చిమతీరంలో కూడా జరిగింది. నేటి ఘనా దేశాన్ని బ్రిటిషువారు గోల్డ్‌కోస్ట్ అని పిలిచే రోజులలో, 1870ల నాటి అశాంటి యుద్ధానికై వెస్టిండీస్ నుండి సైనికులను రప్పించి కేప్‌కోస్ట్ వంటి తీరపు కోటలలో నిలిపారు. వారితో ఇత్తడి వాద్యాల బ్యాండు వచ్చింది. కవాతు చూడవచ్చిన ఫాంటీ జాతి యువకులు ఆ ట్రంపెట్లను నేర్చి, తమ లయలకు తగినట్లు మలిచి ‘అదాహా’ అనే కొత్త బాణీని పుట్టించారు. అది ఊరూరా పాకింది. ట్రంపెట్ కొనే స్తోమత లేని పల్లెలు ఏమి చేశాయో వింటే ముచ్చట వేస్తుంది. ఇత్తడి వాద్యాలు లేకపోతేనేమని, ఆ వరుసలను గొంతులతో పాడుతూ, సొంత డోళ్ళు వాయిస్తూ బ్యాండు నడిపాయి. ‘కొంకోమా’ అని దానికి పేరు.

తీరపట్టణాలలో టోపీలు, కోట్లు ధరించిన సంపన్నుల నృత్యశాలల లోపల ఈ సంగీతం మోగుతుంటే, ప్రవేశరుసుము చెల్లించలేని పేదలు బయట నిలబడి విని, ‘హైలైఫ్’ అన్నారట. గొప్పవారి జీవితం అని అర్థం. వెటకారంగా పెట్టిన ఆ పేరే సంగీతానికి స్థిరపడింది. ఇ.టి. మెన్సా నాయకత్వంలో ‘టెంపోస్’ బృందం హైలైఫ్‌ను పశ్చిమాఫ్రికా అంతటా వినిపించింది. 1956లో అమెరికన్ జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రాకు వచ్చినపుడు మెన్సా ఆయనతో కలిసి ట్రంపెట్ వాయించాడు. తాతలనాడు సముద్రం దాటించబడిన సంగీతమూ, ఇంటివద్ద మిగిలిన సంగీతమూ ఒక వేదికపై ఎదురుపడ్డాయి.

ఆ తరువాతి తరంలో ఘనా యువకులు ముగ్గురు, టెడ్డీ ఒసే, సోల్ అమార్ఫియో, మాక్ టొంటో, 1969లో లండన్‌లో ‘ఒసిబిసా’ అనే బృందాన్ని స్థాపించారు. ఒసిబిసాబా అనే ఫాంటీ మాట నుండి ఆ పేరు తీసుకున్నారు. కరీబియన్ దీవులవారు, నైజీరియావారు వారితో చేరారు. ఎలక్ట్రిక్ గిటార్లు, ఆర్గన్, శాక్సఫోన్ అన్నీ పాశ్చాత్య పాప్ బృందాలవే. లయ మాత్రం ఆఫ్రికా డోళ్ళది. 1971లో వెలువడిన వారి తొలి రికార్డు లండన్ యువతను ఉర్రూతలూగించింది. 1980ల ఆరంభంలో వారు భారతదేశానికి కూడా వచ్చి కచేరీలు చేశారు. బృందనాయకుడు ఒసే 2025 జనవరిలో కన్నుమూశాడు. ఆఫ్రికా సంగీతాన్ని పాశ్చాత్య సంగీతంతో కలిపిన బృందమని ఒసిబిసాను పరిచయం చేస్తుంటారు. ఆ మాట అసత్యం కాదు గాని, కలపడమనేది లండన్‌లో మొదలయినట్లు ధ్వనిస్తుంది. అసలు కలిపిన పని కేప్‌కోస్ట్ వీధులలో, పేరు కూడా మిగలని ట్రంపెట్ వాద్యకారులు అంతకు ఎనభై, తొంబై ఏళ్ళ ముందే చేసి ఉన్నారు.

పొన్నూరు వీధిలో క్లారినెట్టు పట్టిన తాతది ఆ పేరులేనివారి వంశం.

ఆయన చేసే పని ఎంత కష్టమైనదో కొంత వివరించాలి. పాశ్చాత్య వాద్యంలో స్వరాలు మెట్లవలె ఉంటాయి. ఒక మెట్టు మీద కాలు మోపి, ఎత్తి, రెండవదానిపై మోపాలి. మన రాగంలో స్వరం మెట్టు కాదు, ఉయ్యాల. తోడిలోని గాంధారం ఒక చోట నిలువదు. ఊగుతూ ఉన్నంతసేపే అది తోడి గాంధారం. ఊగడం మానితే స్వరం మిగులుతుంది, రాగం వెళ్ళిపోతుంది. ఈ ఊగిసలాటకే గమకమని పేరు. క్లారినెట్టులో గమకం పలికించాలంటే, రంధ్రాన్ని వేలితో పూర్తిగా మూయక, వేలి కొసను మెల్లగా జరుపుతూ సగమో పావో తెరవాలి. అదే క్షణంలో రీడును పట్టిన పెదవుల బిగువును సడలించాలి, మళ్ళీ బిగించాలి. తయారు చేసినవాడు వేలిని ఎక్కడ పెట్టమన్నాడో అక్కడ పెట్టకపోవడంలో ఈ విద్య అంతా ఉన్నది. తాతకు దీనిని ఎవరూ బడిలో నేర్పలేదు. సన్నాయి మేళాల వెంట తిరిగి, విని, ఇంటికి వచ్చి వేళ్ళు వెతుక్కున్నాడు.

ఈ వెతుకులాటకు లొంగని వాద్యమూ ఒకటి ఉన్నది. హార్మోనియంలో మీట నొక్కితే స్వరం పలుకుతుంది, వంచితే వంగదు. ఆ దోషం చూపి 1940లో ఆకాశవాణి దానిని ప్రసారాల నుండి బహిష్కరించింది. 1971 వరకు ఆ నిషేధం కొనసాగింది. అన్ని సంవత్సరాలూ పొరుగున తెనాలిలో, బాపట్లలో, పద్యనాటకం హార్మోనియం లేకుండా తెర ఎత్తలేదు. వంగని వాద్యంతో నటులు ఎలా నెగ్గుకు వచ్చారంటే, గమకమంతా గొంతుకు వదలిపెట్టి, హార్మోనియాన్ని శ్రుతికీ పద్యం చివరి ఎత్తుగడకూ కాపలా పెట్టారు. స్థానం నరసింహారావు వంటి మహానటుని గానం విన్న ప్రేక్షకులకు రేడియోవారి అభ్యంతరం అర్థమయ్యేది కాదేమో. శాస్త్రం తప్పు పట్టలేదని కాదు. శాస్త్రం చూసిన లోపానికి రంగస్థలం ఉపాయం కనిపెట్టింది.

పరదేశి వాద్యాన్ని వంచి రాగం పలికించిన తెలుగువారిలో ఈ కాలపు శిఖరం ఉప్పలపు శ్రీనివాస్. ఆయన 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించాడు. ఆరేళ్ళ ప్రాయంలో ఇంట్లో ఉన్న తండ్రి సత్యనారాయణ మాండలిన్‌ను చేతబట్టాడు. మాండలిన్ ఇటలీ వాద్యం. జంటలు జంటలుగా ఎనిమిది తంత్రులు, నాదం క్షణంలో ఆరిపోయే స్వభావం. నాదాన్ని నిలపడానికి అక్కడివారు తీగను గబగబా మీటుతూనే ఉంటారు. దీర్ఘమైన గమకానికి ఇంతకంటె అననుకూలమైన వాద్యం ఉండదు. సినిమా పాటలలో అలంకారంగా వాడుకోవడానికి తప్ప అది కచేరీకి పనికిరాదని అందరి నమ్మకం.

బాలుని ప్రతిభను గుర్తించి పాఠం చెప్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాయకుడు. మాండలిన్ వాయించడం ఆయనకు రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాడినదానిని తీగపై వెతికి పట్టుకొనేవాడు. వాద్యం తెలియని గురువు దొరకడం శ్రీనివాస్ అదృష్టమని చెప్పాలి. మాండలిన్ తెలిసిన గురువై ఉంటే, ఇది దీనిపై పలకదు అని ఎక్కడో ఒకచోట ఆపి ఉండేవాడు. పలకదని గురువుకు తెలియదు గనుక పలకక తప్పలేదు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొమ్మిదేళ్ళ వయసున తొలి కచేరీ. కుటుంబం మద్రాసు చేరింది. 1981లో ఆ నగరంలో కచేరీ చేసినపుడు వాద్యాన్ని శంకించిన పండితులు ఉన్నారు. బాలుడు వాదించలేదు. విద్యుత్ మాండలిన్ తీసుకుని, జంట తంత్రులను తీసివేసి ఒంటి తంత్రులు వేయించి, మంద్రస్థాయికై ఐదవ తంత్రిని చేర్చుకున్నాడు. జంట తీగలను కలిపి లాగడం కష్టం, ఒంటి తీగను పక్కకు లాగితే వంగుతుంది. విద్యుత్తు నాదాన్ని నిలిపి ఉంచుతుంది. ఈ రెండు మార్పులతో తోడి గాంధారం ఊగడానికి చోటు దొరికింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పద్నాలుగేళ్ళ శ్రీనివాస్ వాయించగా శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్కడ ఆయన వాయించినది జాజ్ కాదు, కర్ణాటక సంగీతమే.

కలిపి వాయించిన కచేరీలు తరువాత వచ్చాయి. కెనడా గిటార్ విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ 1995లో రియల్ వరల్డ్ సంస్థ ద్వారా వెలువడింది. కాంగో గాయకుడు పాపా వెంబా, టాంజానియాకు చెందిన రెమ్మీ ఒంగాలా వంటి ఆఫ్రికా కళాకారుల రికార్డులు ప్రకటించినది ఆ సంస్థే. పాలకొల్లు మాండలిన్, కాంగో గిటార్ ఒకే అంగడి బీరువాలో పక్కపక్కన నిలిచాయి. అటుపిమ్మట జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో శ్రీనివాస్ దేశదేశాలు తిరిగాడు. 1998లో పద్మశ్రీ లభించింది. ఆ బృందంలో ఆయన వాదనం వింటే ఒక విషయం స్పష్టమవుతుంది. పాశ్చాత్యులు ఎటు నడిపించినా వెంట వెళ్ళేవాడు గాని, రాగం సరిహద్దు వద్ద ఆగి, లోపలి నుండే సమాధానం చెప్పేవాడు. ఈ నిగ్రహం లేని కలయికలు ఈనాడు కొల్లలు. వాటిని సంగీతమనడం కంటె సందడి అనడం మేలు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ మరణించాడు. వయస్సు 45 ఏళ్ళు. అవి భాద్రపద బహుళపక్షపు రోజులు. ముహూర్తాలు లేనందున బ్యాండు మేళాలవారు ఇళ్ళ పట్టున ఉన్నారు. పొన్నూరు తాత ఇంట్లో మాండలిన్ కచేరీ క్యాసెట్ ఒకటి ఉండేది, ఎప్పుడో తెనాలిలో కొన్నది. దానిని వినిపించే యంత్రం చెడిపోయి చాలా కాలమయింది. సాయంకాలం టీవీలో వార్త విన్న తాత ఆ క్యాసెట్‌ను చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ వాయించలేదు.

బ్యాండు మేళానికి ఉన్న ఒక గుణాన్ని పెద్దగా ఎవరూ గుర్తించలేదు. సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణులకూ, కొన్ని ముస్లిం కుటుంబాలకూ వంశవిద్య. డప్పు మరొకరిది. కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్ళి అక్కడే స్థిరపడి 1977లో పద్మశ్రీ పొందినా, ఆయనదీ వంశపారంపర్యంగా వచ్చిన విద్యే. క్లారినెట్టుకు మాత్రం ఇక్కడ తాతముత్తాతలు లేరు. అది ఎవరి కులానికీ చెందదు గనుక ఎవరైనా పట్టవచ్చు. ఒకే ఎర్రకోటులో నాలుగు కులాలు, రెండు మతాలు కలిసి నడవగలిగాయి. కాని ఊరేగింపు ముగిసిన తరువాత వారికి విస్తరి ఎక్కడ వేస్తారనేది వేరే ప్రశ్న. చాలా ఏళ్ళపాటు ఆ విస్తరి పందిరి బయటే పడిందని తాత చెబుతాడు. కోపంగా చెప్పడు, వాయించిన పాటల లెక్క చెప్పినట్లు చెబుతాడు.

ఇప్పుడు పిలుపులే తగ్గినవి. లారీపై పేర్చిన పెట్టెలతో డీజే వస్తున్నది. పదిమంది వాయించే చోట ఒక్కడు మీట తిప్పుతున్నాడు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎటూ శూన్యమాసాలు. మిగిలిన నెలలలోనూ మేళంలోని వారు పొలం పనులకో, ఆటోలు తోలడానికో పోవలసి వస్తున్నది. ట్రంపెట్లవారిలో ఒకడు గుంటూరులో కాపలాదారుగా చేరాడు. పాత వాద్యాన్ని తరిమిన కొత్త వాద్యమని డీజేను నిందించడానికి తాతకు నోరు రాదు. సన్నాయి మేళానికి దక్కవలసిన పెళ్ళిళ్ళు కొన్నిటిని ఒకనాడు తన బ్యాండు కూడా లాగుకున్నదని ఆయనకు తెలుసు. తేడా ఒక్కటే అంటాడు. సన్నాయి విన్నవాడికే క్లారినెట్టు పలికింది. డీజేవాడు ఎవరినీ వినలేదు.

తాత మనుమడు ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. సెలవులలో ఒక ఆర్కెస్ట్రాతో కీబోర్డు వాయిస్తాడు. ఆ వాద్యానికి ఎడమవైపున స్వరాన్ని పైకీ కిందికీ వంచే చిన్న చక్రం ఉంటుంది. ఆషాఢమాసంలో ఒకనాటి మధ్యాహ్నం, వాన పడుతుండగా, ఆ కుర్రవాడు వసారాలో కూర్చుని కుడిచేతితో గాంధారం నొక్కి ఎడమచేతితో ఆ చక్రాన్ని కదలిస్తున్నాడు. లోపల పడుకున్న తాత లేచి వచ్చి స్తంభానికి ఆనుకుని విన్నాడు.

“చాల్లేదురా. ఇంకా కిందికి దిగాలి. దిగినంత తొందరగా ఎక్కకూడదు.”

మనుమడు చక్రాన్ని మళ్ళీ తిప్పాడు. స్వరం జారింది, ఊగలేదు.

“దీంట్లో అంతకన్నా రాదు తాతా.”

“దాంట్లో రాదని నీకెట్లా తెలుసు? నీకే రాలేదేమో. అది కట్టెయ్యి. ముందు నోటితో పాడు. పాడింతర్వాత నొక్కుదువుగాని.”

“నాకు పాడటం రాదుగా!”

“నాకు మాత్రం వచ్చా?” అని తాత నేలపై చతికిలబడి, మోకాలిపై తాళం మొదలుపెట్టాడు. నిడుబ్రోలు స్టేషను వైపు నుండి గూడ్సు బండి కూత వినిపించింది. అది ఆగేదాకా తాత తాళం వేస్తూనే ఉన్నాడు. మనుమడు కీబోర్డు మీట ఆపి, గొంతు సవరించుకున్నాడు.